అద్దంలో అపసవ్యం

నిలువుటద్దం కొనడానికి వచ్చినవాళ్ళు అద్దాన్ని చూడరు, అందులో తమని చూసుకుంటారు. జుట్టు సర్దుకుని, పమిట సర్దుకుని, బాగుంది ఇచ్చెయ్యమంటారు. అద్దాన్ని చూడడం వేరే పని. ఎదురుగా నిలబడకూడదు. పక్కకి జరిగి, పైనున్న ట్యూబులైటు అందులో పడేలా చూసుకుని, తల మెల్లగా అటూ ఇటూ ఆడించాలి. ట్యూబులైటు గీత తిన్నగా ఉంటే సరుకు మంచిది. ఎక్కడైనా పాములా మెలిక తిరిగితే అక్కడ గాజులో అల ఉన్నట్టు. ఆ అల ముందు నిలబడ్డ మనిషికి దవడ ఒకపక్కకి లాగినట్టు కనబడుతుంది. ఈ పరీక్ష మా నాన్న నాకు ఏడో ఏటో ఎనిమిదో ఏటో నేర్పాడు. అప్పటినుంచి అద్దంలో కనబడేవాణ్ణి నేను పూర్తిగా నమ్మలేదు.

రాయపూర్‌లో తేలీబంధా చెరువు దగ్గర మాది పటాలు కట్టే కొట్టు. దేవుడి పటాలు, పెళ్ళి ఫోటోలు, పోయినవాళ్ళ ఫోటోలు, మంగలి కొట్లకి గోడద్దాలు. తేలీ అంటే గానుగ ఆడేవాళ్ళు, మన గాండ్లవారు. బంధా అంటే కట్ట వేసి నీళ్ళు నిలిపిన చెరువు. ఇప్పుడు పిల్లలందరూ దీన్ని మెరీన్ డ్రైవ్ అంటున్నారు. 2016లో గట్టున 82 మీటర్ల స్తంభం నిలబెట్టి జాతీయ జెండా ఎగరేశారు. నా చిన్నప్పుడు ఇక్కడ చిన్న లైను బండి ఆగేది. రాయపూర్ నుంచి ధమ్తరీకి 1900లో వేసిన రెండున్నర అడుగుల నారోగేజి అది. బండి వచ్చేముందు మా కొట్లో గోడకి ఆనించి నిలబెట్టిన గాజుపలకలు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగేవి. ఇంజను కూత కంటే ముందు గాజే మాకు చెప్పేది బండి వస్తోందని. 2017లో ఊళ్ళో ఆ లైను మూసేసి, ఆ దారినే రోడ్డు వేశారు. ఇప్పుడు గాజు మోగదు.

మా తాత పార్వతీపురం పక్కనుంచి వచ్చాడు. విజయనగరం నుంచి రాయపూర్ దాకా రైలు దారి 1931లో పూర్తయింది. ఆ దారిన ఉత్తరాంధ్ర జనం పనికోసం ఇటు రావడం మొదలైంది. మేం విశ్వబ్రాహ్మణులం, వడ్రంగం మా కులవృత్తి. తాత బెంగాల్ నాగపూర్ రైల్వేలో పెట్టెల చెక్కపని చేశాడు. నాన్న ఉద్యోగం వద్దని ఫ్రేములు కట్టడం మొదలుపెట్టాడు. చిన్నాన్న రైల్వేలోనే ఫిట్టరు. వాళ్ళిద్దరికీ రెండేళ్ళ తేడా, మొహం మాత్రం ఒక్కటే. వెనకనుంచి పిలిస్తే ఎవరు తిరుగుతారో మా అమ్మకి కూడా తెలిసేది కాదు. ఇద్దరికీ పద్యం పిచ్చి. ఆ పిచ్చి తాతనుంచి వచ్చింది. విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు హరికథ విన్నవాడు మా తాత. ఒక్క మనిషి రెండు చేతుల్లో చిడతలు పట్టుకుని, కాలికి గజ్జె కట్టుకుని, ఇటు తిరిగితే రుక్మిణి, అటు తిరిగితే రుక్మి అవడం చూశానని ముసలితనంలో కూడా చేతులు తిప్పి చూపించేవాడు.

అద్దంలోంచి మనిషి బయటికి రావడం నేను మొదటిసారి చూసింది 1968 ఉగాదికి. రైల్వే కాలనీ తెలుగువాళ్ళు ఏటా వేసే నాటకం. ఆ ఏడు పెద్దన మనుచరిత్ర అనుకున్నారు.

పెద్దన కథని బళ్ళో సగమే చెప్తారు. ప్రవరుడు అరుణాస్పదపురం బ్రాహ్మణుడు. సిద్ధుడిచ్చిన పసరు కాళ్ళకి పూసుకుని హిమాలయం మీద వాలాడు. మంచుకి పసరు కరిగిపోయింది. దారి తెలీక తిరుగుతున్నవాణ్ణి వరూధిని చూసి మనసుపడింది. అతను కాదన్నాడు, అగ్నిదేవుణ్ణి ప్రార్థించి ఇల్లు చేరాడు. నిష్ఠ గెలిచింది, పాఠం అయిపోయింది. పాఠం అయిపోయినచోటే కథకి ప్రాణం పుడుతుంది. అంతకుముందెప్పుడో వరూధిని కాదన్న గంధర్వుడు ఒకడున్నాడు. ఆమె ప్రవరుడి కోసం ఏడుస్తుంటే చూసి, ప్రవరుడి రూపు కట్టుకుని వచ్చాడు. అదే ఒడ్డు, అదే పొడుగు, అదే మొహం. ఒక్క షరతు పెట్టాడు. కలిసి ఉన్న వేళ ఆమె కళ్ళు మూసుకోవాలి.

ఆ షరతు దగ్గర నేను ఇప్పటికీ ఆగిపోతాను. ఎదురుగా నిలబడి మాట్లాడినంతసేపూ అతని వేషం నిలిచింది. మరీ దగ్గరికి వస్తే నిలవదని అతనికే తెలుసు. అల ఉన్న అద్దం కూడా అంతే. ఎదురుగా నిలబడి తనని చూసుకునేవాడికి దోషం తెలీదు, పక్కకి జరిగి పరీక్షగా చూస్తే బయటపడుతుంది. మాయాప్రవరుణ్ణి వరూధిని చివరికీ పట్టుకోలేదు. కళ్ళు మూసుకోమంటే ప్రేమకొద్దీ మూసుకుంది. వాడు తన పని చూసుకుని వెళ్ళిపోయాడు. ఆమెకి పుట్టిన కొడుకు స్వరోచి, స్వరోచి కొడుకు స్వారోచిష మనువు. పుస్తకానికి ఆ పేరు వచ్చింది ఆ మనువు వల్లనే. కృష్ణదేవరాయలు గద్దె మీద ఉన్న 1509–1529 కాలంలో, ఆయనకే అంకితంగా వెలసిన మన మహాప్రబంధం ఒక దొంగ ప్రతిరూపం చేసిన మోసం మీద నిలబడి ఉంది. ఈ సంగతి మనవాళ్ళు పెద్దగా మాట్లాడుకోరు. ప్రవరుడి నిష్ఠనీ వరూధిని అందాన్నీ చెప్పుకుని ఆగిపోతారు. నాకు మాత్రం తెలుగులో దుర్మార్గుడంటే ముందు మాయాప్రవరుడే గుర్తొస్తాడు. రావణుడు పది తలలతో వస్తాడు, చూడగానే తెలుస్తుంది. వీడు మనం ఎదురుచూస్తున్నవాడి మొహంతో వస్తాడు.

కాలనీలో నాటకం నేర్పేది ఒక ముసలి గార్డు. అందరూ మాస్టారనేవాళ్ళు. వరూధిని వేషం పార్సిలాఫీసు గుమస్తాది. ఆయన కుర్రతనంలో స్థానం నరసింహారావు సత్యభామని చూసి వచ్చినవాడు, మీసం పెంచడం ఆ రోజే మానేశాడట. నాన్న ప్రవరుడు, చిన్నాన్న మాయాప్రవరుడు. ఒకే మొహంవాళ్ళు ఇద్దరు దొరికారు కదా అని మాస్టారి సంబరం.

అద్దం ఆలోచన చిన్నాన్నది. వరూధిని ఇంట్లో ఒక నిలువుటద్దం ఉంటుంది. ప్రవరుడు దారి అడగబోయే ముందు అందులో తన వాలకం చూసుకుంటాడు. తర్వాత ఆమెని కాదని వెళ్ళిపోతాడు. మనిషి వెళ్ళిపోతాడు గానీ అద్దంలోని బొమ్మ వెళ్ళదు. అక్కడే నిలబడి ఆమె ఏడవడం చూస్తుంది. చూసి చూసి, ఫ్రేము దాటి బయటికి అడుగు పెడుతుంది. పెద్దన రాయని అద్దాన్ని పెట్టడానికి మాస్టారు మొదట ఒప్పుకోలేదు. చిన్నాన్న రెండు రోజులు వెంటపడి ఒప్పించాడు.

నాన్న ఆరడుగుల ఎత్తు టేకు ఫ్రేము కట్టాడు. అందులో గాజు లేదు. వెనక నల్ల దుప్పటి, దుప్పటికీ ఫ్రేముకీ మధ్య చిన్నాన్న. ముందు నాన్న. రాత్రి కొట్టు మూసేశాక రిహార్సలు. నాన్న అసలు అద్దం ముందు నిలబడేవాడు. చిన్నాన్న పక్కన నిలబడి ఆ బొమ్మని చూసి నేర్చుకునేవాడు. నాన్న కమండలం కుడిచేత్తో ఎత్తితే చిన్నాన్న ఎడమచేత్తో ఎత్తాలి. నాన్న ఎడమకాలు ముందుకు వేస్తే చిన్నాన్న కుడికాలు వెయ్యాలి. నాన్నకి కుడి బుగ్గ మీద పుట్టుమచ్చ ఉంది. చిన్నాన్న ఎడమ బుగ్గ మీద కాటుకతో పెట్టాడు. ఇరవై రోజుల్లో ఇద్దరూ ఎంత దగ్గరికి వచ్చారంటే, ముందు ఎవరు కదిలారో పక్కన కూర్చున్న నాకు పట్టుబడేది కాదు. ఒకసారి నాన్న నిజంగానే దగ్గాడు. చిన్నాన్న కూడా అదే క్షణాన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, ఎడమచెయ్యి. నాకు వెన్నులో చలి పుట్టింది.

అన్నీ కుదిరాక జంధ్యం దగ్గర పేచీ వచ్చింది. నాన్న జంధ్యం ఎడమ భుజం మీంచి కుడి నడుముకి దిగుతుంది, అది సవ్యం. అద్దంలో అదే జంధ్యం కుడి భుజం మీద కనబడుతుంది. అంటే అపసవ్యం. పితృకార్యంలో తప్ప అలా వేసుకోరు. తండ్రి బతికున్నవాడు అసలే వేసుకోడు. మా తాత అప్పటికి నిక్షేపంగా ఉన్నాడు. మాస్టారు కుదరదన్నారు. “పండగపూట అపసవ్యమా? మీ నాన్న ముందు వరసలో కూర్చుంటాడోయ్,” అన్నారు. చిన్నాన్న పట్టు వదల్లేదు. “మాస్టారూ, అద్దం ఎలా చూపిస్తే అలా ఉండాలి కదండీ. జంధ్యం ఒక్కటీ తిన్నగా ఉంటే అది అద్దమని ఎవరు నమ్ముతారు?” అన్నాడు. నాన్న ఏమీ మాట్లాడకుండా మాస్టార్ని చెయ్యి పట్టుకుని అసలు అద్దం ముందుకి తీసుకెళ్ళాడు. ఆయన చొక్కా గుండీలు విప్పుకుని, తన జంధ్యం చూసుకుని, చాలాసేపు అలాగే నిలబడ్డారు. డెబ్భై ఏళ్ళుగా రోజూ చూస్తున్నదే, ఎప్పుడూ చూడలేదు. చివరికి ఒక మాట మీద ఒప్పుకున్నారు. ఫ్రేములో ఉన్నంతసేపే అపసవ్యం. అడుగు బయట పెట్టగానే ఉత్తరీయం సర్దుకున్నట్టు చేసి జంధ్యం మార్చెయ్యాలి.

ఉగాది రాత్రి చిన్నాన్న మార్చలేదు. మర్చిపోయానని తర్వాత చెప్పాడు. నేను నమ్మలేదు, నాన్న కూడా నమ్మలేదనుకుంటాను. నాన్న తెర పక్కకి వెళ్ళిపోయాడు. అద్దంలో బొమ్మ మిగిలింది. జనం అప్పటిదాకా అద్దమనే అనుకుంటున్నారు. ఒక ఊపిరి పట్టేంతసేపు ఎవరికీ ఏమీ అర్థంకాలేదు. చిన్నాన్న కుడికాలు ఎత్తి, ఫ్రేము అడుగుచెక్క దాటించి, నేలమీద పెట్టాడు. వెనక వరసల్లో పిల్లలు కెవ్వుమన్నారు. వరూధిని చేతులు చాచింది. ముందు వరసలోంచి మా మామ్మ లేచి నిలబడింది. “ఏట్రా అది! నీ బాబు బతికుండగా జంధ్యం అటేసుకుంటావేట్రా!” అని అరిచింది. అప్పుడు అందరూ భుజం చూశారు. వచ్చినవాడు ప్రవరుడు కాడని నాటకం చెప్పకముందే జంధ్యం చెప్పేసింది. వరూధిని ఒక్కతే చూడలేదు, పద్యంలో ఉన్నట్టు ఆమె కళ్ళు మూసుకుంది.

మామ్మ ఆ రాత్రి చిన్నాన్న తలమీంచి పసుపునీళ్ళు పోయించింది. నెల్లాళ్ళు అతని చేతి నీళ్ళు ముట్టలేదు. తాత ఏమీ అనలేదు. ఆయన ఆ తర్వాత పదకొండేళ్ళు బతికాడు. ఆ సంగతి చిన్నాన్న మామ్మకి ఒక్కసారి కూడా గుర్తుచెయ్యలేదు.

ఆ భుజం నా మనసులోంచి పోలేదు. దొరికిన పుస్తకమల్లా చదివాను, ఇలాంటివాళ్ళు ఇంకెక్కడున్నారని. చాలామంది ఉన్నారు. ప్రతిచోటా కథ చెప్పినవాడు ఒక గురుతు వదిలాడు.

భారతం అరణ్యపర్వంలో నలోపాఖ్యానం ఉంది. ఆ కథనే సంస్కృతంలో శ్రీహర్షుడు నైషధంగా రాస్తే, దాన్ని శ్రీనాథుడు శృంగారనైషధంగా తెలుగు చేశాడు. దమయంతి స్వయంవరానికి ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు నలుగురూ నలుడి రూపంలో వచ్చి కూర్చున్నారు. ఐదుగురు నలులు, ఒకే మొహం. ఆమె మొహాలు వదిలేసి మిగతావి చూసింది. నలుగురికి చెమట లేదు, రెప్పపాటు లేదు, పూలదండ వాడలేదు, కాళ్ళు నేలకి ఆనలేదు, ఒంటిమీద దుమ్ము లేదు. ఐదోవాడికి చెమట పట్టింది. దండ వాడింది. వాడి నీడ నేలమీద పడింది. దమయంతి తన చేతిలో దండ అతని మెడలో వేసింది. మచ్చలేనివాళ్ళు నలుగురూ దేవుళ్ళు, దుమ్ము కొట్టుకున్నవాడు తన మనిషి. నేను కట్టే పెళ్ళిఫోటోల్లో వరుడికి చెమట తుడిచేసి తెల్లగా చెయ్యమని ఇప్పుడు ఫోటోవాళ్ళకి చెప్తున్నారు. అవి చూసినప్పుడల్లా నాకు దమయంతి గుర్తొస్తుంది.

భాగవతంలో పౌండ్రకుడు వేరే రకం. వీడు కృష్ణుడి దగ్గరికి దొంగచాటుగా రాలేదు. నేనే అసలు వాసుదేవుణ్ణి, నువ్వు నా గుర్తులు వదిలెయ్యమని ద్వారకకి కబురు పంపాడు. శంఖం, చక్రం, పీతాంబరం, కౌస్తుభం, గరుడధ్వజం అన్నీ చేయించుకున్నాడు. యుద్ధంలో ఎదురుపడ్డప్పుడు, రంగస్థలం మీద వేషగాణ్ణి చూసినట్టు చూసి కృష్ణుడు పగలబడి నవ్వాడని భాగవతం చెప్తుంది. తర్వాత చక్రంతో తల తీశాడు. అయితే అక్కడితో వదల్లేదు. పగతోనైనా సరే ఆ రూపాన్నే రాత్రింబగళ్ళు తలుచుకున్నాడు కాబట్టి పౌండ్రకుడికి చివరికి ఆ రూపమే దక్కిందంటుంది. ఇది మొదటిసారి చదివిన రాత్రి నేను కొట్లో దీపం ఆర్పలేదు. ఒకణ్ణి అనుకరిస్తూ అనుకరిస్తూ వాడే అయిపోవడం. చిన్నాన్న ఇరవై రోజులు నాన్నని చూసి చేసినదీ అదే. నాటకం అయిపోయిన చాలా నెలలదాకా ఎడమచేత్తో నీళ్ళగ్లాసు ఎత్తేవాడు.

చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వచ్చింది. అందులో ఉన్న సింహం, కుందేలు కథ ప్రతి తెలుగుపిల్లకీ తెలుసు. సింహం నూతిలోకి తొంగిచూసి, ఎదురుసింహం ఉందనుకుని దూకి చచ్చింది. మిగతా కథల్లో ప్రతిబింబం మనిషిని మోసం చేస్తుంది. ఇక్కడ ప్రతిబింబం ఏ పాపమూ ఎరగదు.

రంగస్థలానికి వస్తే, కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు బృందం 1885లో మొదటిసారి కట్టిన నాటకం కీచకవధ. అది కూడా మారువేషమే. చీకటి నర్తనశాలలో ద్రౌపది అనుకుని కీచకుడు తాకింది భీముణ్ణి. అంటే సురభివాళ్ళ చరిత్ర ఒక మనిషి చోట ఇంకో మనిషి పడుకుని ఉండడంతో మొదలైంది. వాళ్ళ మాయాబజార్‌లో మాయలు చూసి వచ్చినవాళ్ళు తెర వెనక అద్దాలున్నాయని మా నాన్నతో చెప్తుండేవారు. ఆయన ఊరుకునేవాడు కాదు, ఏ కోణంలో పెట్టుంటారో సున్నపుముక్కతో నేలమీద గీసి చూపించేవాడు.

గాజుతో దయ్యాన్ని పుట్టించే పద్ధతి ఒకటి 1862లో లండన్‌లో చూపించారు. పెప్పర్ అనే ఆయన పేరుమీద దాన్ని పెప్పర్స్ ఘోస్ట్ అంటారు. దానికి అద్దం పనికిరాదు, పూత లేని మామూలు గాజు కావాలి. రంగస్థలం ముందు పెద్ద గాజుపలకని ఏటవాలుగా నిలబెడతారు. కింద గుంటలో ఒక నటుడు జనానికి కనబడకుండా నిలబడతాడు. అతని మీద గట్టి వెలుతురు వేస్తే అతని బొమ్మ గాజులో పడి, రంగస్థలం మీద మనిషి పక్కన ఆవిరిలా నిలబడుతుంది. వెలుతురు తీసేస్తే మాయం. రాత్రిపూట రైలు కిటికీలో మన మొహం బయటి చెట్ల మీద తేలడం ఇదే. మా కొట్లో 5 ఎంఎం పలక ఒకటి, టార్చి ఒకటి పెట్టుకుని నేను చేసి చూశాను. పిల్లలు చేతులు పెట్టి తడిమారు.

చిన్నాన్న ఆలోచన సరిగ్గా అలాగే ఇంకొకరికి అంతకుముందే వచ్చిందని నాకు యాభై దాటాక తెలిసింది. జర్మనీలో 1913లో ‘ప్రాగ్ విద్యార్థి’ అనే మూకీ తీశారు. మన ఫాల్కే రాజా హరిశ్చంద్ర వచ్చిన ఏడే. బీద విద్యార్థి బాల్డుయిన్ ఒక మాంత్రికుడి దగ్గర లక్ష బంగారు నాణేలు తీసుకుని, తన గదిలో ఏది కావాలంటే అది పట్టుకుపొమ్మని సంతకం పెడతాడు. గదిలో ఏముందని వాడి ధైర్యం. మాంత్రికుడు అద్దంలోని బొమ్మని పిలుస్తాడు. బొమ్మ ఫ్రేములోంచి దిగి అతని వెంట నడిచి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత ఊళ్ళో బాల్డుయిన్ చెయ్యనని మాటిచ్చిన హత్య బొమ్మ చేస్తుంది. అతను ఎక్కడికి వెళ్తే అక్కడ ఎదురవుతుంది. చివరికి బొమ్మని పిస్తోలుతో కాలుస్తాడు, పడిపోయేది తనే. పాల్ వెగెనర్ రెండు వేషాలూ వేశాడు, కెమెరా గీడో సీబర్. మా చిన్నాన్నకి ఆ సినిమా పేరు కూడా తెలీదు. అద్దం ముందు ఎక్కువసేపు నిలబడ్డ మనిషికి ఏ దేశంలోనైనా ఇదే భయం పుడుతుందేమో. కాకపోతే వాళ్ళ బొమ్మ పగవాడిలా వెంటాడుతుంది, మన మాయాప్రవరుడు ప్రియుడిలా తలుపు తడతాడు. నాకు మనవాడే ఎక్కువ భయం.

సీబర్ చేసిన పనే తర్వాత మన సినిమాల్లో ద్విపాత్రాభినయం అయింది. ఫిల్ము రోజుల్లో పద్ధతి ఇది. లెన్సుకి సగం నల్లగా అడ్డం పెడతారు. నటుడు ఒకపక్క నిలబడి తన మాటలు చెప్తాడు, ఎదురు ఖాళీ. ఫిల్ము వెనక్కి తిప్పుతారు. నటుడు బట్టలు మార్చుకుని వస్తాడు. ఇప్పుడు రెండో సగానికి అడ్డం, మొదటి సగం తెరుస్తారు. అతను రెండోపక్క నిలబడి, ఇందాక తను ఖాళీలోకి చెప్పిన మాటలకి జవాబు చెప్తాడు. కెమెరా వెంట్రుకవాసి కదిలినా అతుకు బయటపడుతుంది. అందుకే అతుకు పడేచోట స్తంభమో తలుపుచెక్కో పెట్టుకునేవాళ్ళు. మేం పెద్ద అద్దం రెండు ముక్కలుగా బిగించాల్సి వచ్చినప్పుడు అతుకు మీద చెక్కపట్టీ కొడతాం, అదే కిటుకు. 1917లో ఫాల్కే లంకాదహనంలో సాళుంకే అనే నటుడు రాముడూ సీతా రెండూ తనే వేశాడు. తెలుగులో 1961లో ఇద్దరు మిత్రులులో నాగేశ్వరరావు, 1964లో రాముడు భీముడులో రామారావు ఇద్దరేసి అయ్యారు. రాముడు భీముడు హిందీలో 1967లో రామ్ ఔర్ శ్యామ్ అయింది. నాన్న, చిన్నాన్న నన్ను చెరో చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి దిలీప్ కుమార్‌ని చూపించారు. నేను కథ చూడలేదు, తెర మధ్యలో గీత కోసం వెతుకుతూ కూర్చున్నాను. కథలో కొరడా పట్టుకున్న దుర్మార్గుడు మూడోవాడు. ఒకే మొహంవాళ్ళు ఇద్దరూ మంచివాళ్ళే. పైగా ఇద్దరిదీ కుడిచేతివాటమే. అంటే వాళ్ళు కవలలు, ప్రతిబింబాలు కారు. చిన్నాన్న బయటికి రాగానే అదే మాట అన్నాడు. ఉగాది నాటకంలో అద్దం పెట్టాలన్న ఆలోచన అతనికి ఆ రోజే పుట్టిందని నా నమ్మకం.

మాయాబజార్ (1957) గురించి చెప్పకపోతే ఈ మాటలన్నీ వృథా. కె.వి. రెడ్డి తీశారు, మార్కస్ బార్ట్‌లీ కెమెరా. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ఎత్తాడని మనకి ముందే చూపించేశారు. కాబట్టి మనం మోసపోం. సావిత్రి ఒంట్లో ఎస్.వి. రంగారావు ఎప్పుడు తొంగిచూస్తాడా అని కాచుకుని ఉంటాం. పెళ్ళికూతురు పైట సర్దుకుంటూ సర్దుకుంటూ ఒక్కసారి రాక్షసుడి నడక నడుస్తుంది, ఛాతీ విరుస్తుంది, అంతలో ఎవరో చూస్తే మళ్ళీ సిగ్గుపడుతుంది. దమయంతి చూసిన చెమటలాంటిదే ఆ నడక. నేనది ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ప్రతిసారీ ఆమె భుజాలనే చూస్తాను.

ఇలా ఒక్క ఒంట్లో ఇద్దర్ని చూడడం ఈ ఊరివాళ్ళకీ కొత్త కాదు. ఛత్తీస్‌గఢ్‌లో భారతకథ పాడి ఆడి చెప్పే పండవానీలో తీజన్‌బాయి చేతిలో తంబూరా ఉండేది. అదే భీముడి గద, అదే అర్జునుడి విల్లు. దుశ్శాసనుడై కళ్ళెర్రజేసిన మనిషి మరుక్షణం ద్రౌపదై కుంగిపోయేది. తాత చిడతలు గుర్తొచ్చి నేను చూసిన ప్రతిసారీ కళ్ళు తుడుచుకున్నాను.

నాన్న 1994లో పోయాడు. ఆ రోజు నేనూ చిన్నాన్నా అద్దాలన్నీ గోడవైపు తిప్పి కొట్టు మూశాం. తర్వాత చిన్నాన్న రోజూ సాయంత్రం వచ్చి నాన్న స్టూలు మీద కూర్చునేవాడు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆయన్నే యజమాని అనుకునేవారు. పాత ఖాతాదారు ఒకాయన, నాన్న పోయిన సంగతి తెలీక, చిన్నాన్నతో అరగంట పాత బాకీల లెక్క మాట్లాడి వెళ్ళాడు. చిన్నాన్న కాదనలేదు. “అన్నయ్యని ఇంకో అరగంట ఉండనిచ్చానురా,” అన్నాడు నాతో.

ఆ టేకు ఫ్రేము ఇంకా మా కొట్లో వెనకగోడకి ఉంది. గాజు బిగించమని చాలామంది అడిగారు. అడుగుచెక్క మీద చిన్నాన్న కాలు ఆనినచోట వార్నీషు కొంచెం లేచింది, అంతే. కర్ర చెక్కుచెదరలేదు.

చిన్నాన్నకి పిల్లలు లేరు. మూడేళ్ళ కిందట ఆయన పోతే కర్మ నేనే చేశాను. ఖారూన్ నది ఒడ్డున, మహాదేవ్ ఘాట్‌లో. కార్తీకం వెళ్ళిన చలికాలం ఉదయం, నీళ్ళు కదలకుండా ఉన్నాయి. పురోహితుడు అపసవ్యం చేసుకోమన్నాడు. జంధ్యం ఎడమ భుజంమీంచి తీసి కుడి భుజం మీద వేసుకుని, నువ్వులూ నీళ్ళూ చేతిలో పట్టుకుని ముందుకి వంగాను. నీళ్ళలో ఒక ముసలాయన నావైపు వంగి ఉన్నాడు. నాకిప్పుడు నాన్న వయసు దాటింది, మొహం వాళ్ళదే. ఆయన భుజం చూశాను. జంధ్యం ఎడమ భుజం మీద ఉంది, సవ్యంగా. పురోహితుడు రెండుసార్లు మంత్రం అందించేదాకా నేను చేతిలో నీళ్ళు వదల్లేదు.